రెక్కలు లేని ఫ్యాను

మేళ్లచెరువు సిమెంటు ఊరు. నేల కింద సున్నపురాయి ఉంది. నేల మీద ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఇదివరకు ఈ ఊరు నల్లగొండ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. శివరాత్రికి ఇక్కడ శంభులింగేశ్వర స్వామి జాతర జరుగుతుంది. జాతర అయిపోయిందంటే ఇక ఎండలు మొదలైనట్టే.

ఈ ఊళ్లో వేడి రెండు రకాలు. ఏప్రిల్, మే నెలల్లో పొడి వేడి. వడగాలి కొడుతుంది. పెదవులు పగులుతాయి. తడి బట్ట ఆరేస్తే చూస్తుండగానే ఆరిపోతుంది. తొలకరి పడ్డాక ఇంకో రకం వేడి. కృష్ణ దగ్గరే ఉంది. సాగరు ఎడమ కాలువకు నీళ్లు వదిలితే చుట్టూ వరి మళ్లే. అప్పుడు గాలిలో తేమ పెరుగుతుంది. ఎండ తగ్గినా ఒళ్లు జిగట జిగటగా ఉంటుంది. చెమట కారుతుంది గానీ ఆరదు. దీన్నే ఉక్కపోత అంటారు.

ఫ్యాను కొనేవాళ్లకు ముందు ఈ తేడా తెలియాలి.

ఒక రేకుల ఇల్లు అనుకోండి. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పాత ఫ్యాను మోటారు కాలిపోయింది. కోడలు పొదుపు సంఘంలో మూడు వేలు అప్పు తీసుకుంది. కొడుకు సెల్‌ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. అది పైకప్పుకు బిగించే ఫ్యానే. గుండ్రంగా పెద్ద గాజులాగ ఉంది. లోపల లైటు ఉంది. రెక్కలు మాత్రం లేవు.

"ఇదేందిరా? రెక్కల్లేకుండ గాలెట్లొస్తది?" అంది అత్త.

"వస్తదంటమ్మా. కొత్త రకం. మన రేకులు కిందికున్నయి గదా! పిల్లలు మంచమెక్కి చెయ్యెత్తితే రెక్క తగుల్తదని భయం. దీనికి ఆ భయమే లేదు."

"ధరెంతంట?" అని అడిగింది కోడలు.

"ఎనిమిది వేలు."

కోడలు ఏమీ అనలేదు. చేతిలో ఉన్నవి మూడు వేలు. పిల్లల గురించి అతను చెప్పిన భయం నిజమైనదే. మరి ఏం చేయాలి?

రెక్కలు ఎక్కడ దాక్కున్నాయి?

మనుషులు గాలి కోసం ఎన్నో చేశారు. మనకు తాటాకు విసనకర్ర ఉంది. ఇంగ్లీషు దొరల కాలంలో దొరల ఇళ్లలో గుడ్డ పంకాలు వేలాడేవి. వాటిని తాడుతో లాగడానికి ఒక కూలి మనిషి బయట కూర్చునేవాడు. గాలి దొరకు, చెమట కూలికి! 1882 ప్రాంతంలో అమెరికాలో ఫిలిప్ డీల్ అనే ఆయన కరెంటు మోటారుతో తిరిగే సీలింగు ఫ్యాను చేశాడు. ఆయన అంతకు ముందు కుట్టు మిషన్ల మోటార్లు చేసేవాడు.

రెక్కలు కనిపించని ఫ్యాను 2009లో బాగా పేరు తెచ్చుకుంది. ఇంగ్లండుకు చెందిన డైసన్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. అది బల్ల మీద పెట్టుకునే ఫ్యాను. కింద ఒక డబ్బా, పైన ఒక రింగు ఉంటాయి. డబ్బా లోపల చిన్న రెక్కల చక్రం తిరుగుతుంది. అది గాలిని లాగి రింగులోకి తోస్తుంది. రింగుకు సన్నటి చీలిక ఉంటుంది. గాలి ఆ చీలికలోంచి వేగంగా బయటికి వస్తుంది. వస్తూ వస్తూ చుట్టుపక్కల గాలిని కూడా వెంట లాక్కొస్తుంది.

అంటే రెక్కలు లేవని కాదు. కనబడవు, అంతే.

పైకప్పుకు బిగించే వాటిలో చాలావరకు ఇదే పద్ధతి. లైటు చుట్టూ ఉండే రింగులో చిన్న ఫ్యాను దాగి ఉంటుంది. చూడటానికి బాగుంటుంది. చెయ్యి పెట్టినా తెగదు. ఇవి దీని మంచి గుణాలు. అయితే చిన్న రెక్క తోసే గాలి ఎంత దూరం పోతుంది? ఒక మంచం మీదికి రావచ్చు. నేల మీద చాపలు పరుచుకుని అయిదుగురు పడుకుంటే అందరికీ అందదు. ఇంకో చిక్కు కూడా ఉంది. సిమెంటు లారీలు తిరిగే బాట పక్కన ఇంట్లోకి దుమ్ము వస్తూనే ఉంటుంది. మామూలు ఫ్యాను రెక్కను తడి గుడ్డతో తుడవవచ్చు. రింగు లోపల చేరిన దుమ్మును ఎవరు తుడుస్తారు?

ఫ్యాను గదిని చల్లబరచదు

ఈ మాట చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ నిజం. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగితే గది చల్లబడదు. కరెంటు మాత్రం ఖర్చవుతుంది.

మరి ఫ్యాను కింద చల్లగా ఎందుకు ఉంటుంది? కారణం చెమట. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో గుర్తు చేసుకోండి. కుండ పైన చెమ్మ ఆరుతుంది. ఆరేటప్పుడు లోపలి వేడిని తీసుకుపోతుంది. మన ఒళ్లు కూడా కుండ లాంటిదే. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. ఫ్యాను ఆ చెమటను ఆర్పుతుంది.

ఉక్కపోత రోజుల్లో గాలి అప్పటికే తడిసి ఉంటుంది. కొత్త చెమ్మను సులభంగా తీసుకోదు. అందుకే ఆ రోజుల్లో నీళ్లు పోసే కూలరు పెట్టినా పని చేయదు. ఇల్లు ఇంకా జిడ్డుగా అవుతుంది. అప్పుడు కావలసింది ఒంటికి గట్టిగా తగిలే గాలి. ఒంటి పక్కన ఉన్న తడి గాలి తప్పుకోవాలి. దాని చోటికి వేరే గాలి రావాలి. కాబట్టి ఉక్కపోతకు పెద్ద రెక్కల ఫ్యానే మేలు. అందంగా ఉండి గాలి తక్కువ ఇచ్చేది ఈ ఊరికి పనికిరాదు.

మే నెల మధ్యాహ్నం సంగతి వేరు. గాలి వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యానును నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత వేడి గాలి తగిలితే ఒళ్లు చల్లబడదు. ఇంకా వేడెక్కుతుంది. ఈ ప్రాంతంలో ఎండాకాలంలో 40 దాటడం మామూలే. 2015 మే నెలలో వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ముసలివాళ్లు, ఎండలో పని చేసే కూలీలు ఎక్కువ. అలాంటి మధ్యాహ్నం అత్తను రేకుల కింద ఫ్యాను వేసి పడుకోబెట్టడం మంచిది కాదు. చెట్టు నీడకో, స్లాబు ఇంటికో తీసుకుపోవాలి. తడి గుడ్డతో ఒళ్లు తుడవాలి. ఉప్పు వేసిన మజ్జిగ తాగించాలి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే 108కి ఫోను చేయాలి. ఇక్కడ ఏ ఫ్యానూ దిక్కు కాదు.

రేకుల సంగతి కూడా చెప్పాలి. పగలు రేకు కింద వేడి గాలి పేరుకుంటుంది. సీలింగు ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. రేకుల మీద తెల్ల సున్నం పూస్తే ఎండ చాలావరకు తిరిగిపోతుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లటి పైకప్పుల విధానం ఒకటి ప్రకటించింది. అందులో ఉన్న మాట కూడా ఇదే. సున్నపురాయి ఊళ్లో సున్నానికి కరువా!

టేపు ఏం చెప్పింది?

కోడలు వైండింగు షాపుకు పోయింది. కాలిన ఫ్యాను చూపించి అడిగింది.

"అన్నా, మా ఇంట్ల రేకులు కిందికున్నయి. సీలింగు ఫ్యాను పెట్టొచ్చునా, వద్దా?"

"ముందు కొలువమ్మా. భయపడి ఫ్యాను కొనొద్దు, కొలిచి కొను" అన్నాడు మెకానిక్కు. "రెక్కలు నేల నుంచి ఎనిమిది అడుగుల పైన ఉంటే మంచిది. ఏడడుగుల కంటె కిందికి ఉండనే కూడదు. రేకుకూ రెక్కకూ నడుమ ఒక అడుగు సందు ఉండాలె. సందు లేకుంటే గాలి రాదు."

కోడలు ఇంటికి వచ్చి టేపు పట్టింది. వాకిలి వైపు ఎత్తు ఏడున్నర అడుగులు. వెనక గోడ వైపు తొమ్మిదిన్నర అడుగులు. పెద్ద పిల్ల మంచం మీద నిలబడి చెయ్యెత్తింది. వేళ్లు ఆరున్నర అడుగుల దాకా వచ్చాయి.

వాకిలి వైపు ఫ్యాను పెడితే రెక్క సరిగ్గా ఆరున్నర అడుగుల దగ్గరే ఉంటుంది. వేళ్లు తెగుతాయి. వెనక వైపు పెడితే రెక్క ఎనిమిదిన్నర అడుగుల మీద ఉంటుంది. రెండడుగుల తేడా.

"ఇంకేం, వెనక దూలానికే పెడదాం" అంది అత్త.

ఇల్లంతా కిందికే ఉంటే? అప్పుడు జాలీ ఉన్న గోడ ఫ్యాను గానీ, స్టాండు ఫ్యాను గానీ కొనాలి. రెక్కలు లేని ఫ్యాను చేసే పని జాలీ కూడా చేస్తుంది. ధరేమో చాలా తక్కువ. సాయంత్రం బయట చల్లబడ్డాక స్టాండు ఫ్యానును వాకిట్లో లోపలి వైపు తిప్పి పెట్టవచ్చు. బయటి గాలి ఇంట్లోకి వస్తుంది.

డబ్బా మీద చదవండి

హుజూర్‌నగర్ షాపులో ఫ్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి. షాపతను రంగులు చూపించాడు. కోడలు డబ్బా తిప్పి చదివింది. డబ్బా మీద ఇంగ్లీషే ఎక్కువ ఉంటుంది. అయినా అంకెలు ఎవరికైనా అంకెలే.

1200 అని ఉంటే అది రెక్కలు తిరిగే వలయం అడ్డు కొలత, మిల్లీమీటర్లలో. అంటే నాలుగడుగులు. మామూలు గదికి ఇది సరిపోతుంది. గాలి ఎంత ఇస్తుందో ఇంకో అంకె చెబుతుంది. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి అని దాని అర్థం. 1200 ఫ్యానుకు ఈ అంకె 210 అయినా ఉండాలి. రెక్కలు లేని ఫ్యాను డబ్బా మీద కూడా ఇదే అంకె వెతకండి. అంకె తక్కువగా ఉన్నా, అసలు లేకపోయినా పక్కన పెట్టేయండి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూడండి. సీలింగు ఫ్యాన్లకు ఈ గుర్తు తప్పనిసరి అని 2023లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. నక్షత్రాల కాగితం కూడా 2023 జనవరి నుంచి తప్పనిసరి. నక్షత్రాలు ఎక్కువ ఉంటే కరెంటు తక్కువ తింటుంది.

అన్నిటికంటె ముఖ్యమైన అంకె వాట్లు. పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు. బి.ఎల్.డి.సి. అనే కొత్త మోటారు ఫ్యాను సుమారు 30 వాట్లు. గాలి మాత్రం రెండూ ఒకే తీరుగా ఇస్తాయి.

వెయ్యి వాట్లు ఒక గంట కాలితే ఒక యూనిట్. పాత ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే 75 × 12 = 900. అంటే యూనిట్‌కు కొంచెం తక్కువ. నెలకు 27 యూనిట్లు. కొత్త ఫ్యాను అయితే 30 × 12 = 360. నెలకు 11 యూనిట్లు కూడా నిండవు.

16 యూనిట్లు పెద్ద లెక్కా అని కొందరు అంటారు. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 200 దాటితే దాటిన వాటికి మాత్రమే కాదు, మొత్తానికీ కట్టాలి. మే నెలలో ఒక ఇంట్లో 212 యూనిట్లు కాలాయి అనుకోండి. బిల్లు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఆ ఇంట్లో ఒక్క పాత ఫ్యాను మార్చినా 196 దగ్గర ఆగేది.

కొత్త ఫ్యానుకు ఒక కష్టం ఉంది. పాత ఫ్యాను నెమ్మదిస్తే ఊళ్లో మెకానిక్కు కండెన్సరు మారుస్తాడు. కొద్ది డబ్బులతో పని అయిపోతుంది. మోటారు కాలితే వైండింగు చేస్తాడు. బి.ఎల్.డి.సి. ఫ్యానులో చిన్న కార్డు ఉంటుంది. అది పోతే కంపెనీ మనిషి రావాలి. కాబట్టి బిల్లు తీసుకోండి. గ్యారంటీ కాగితం మీద షాపు ముద్ర, తేదీ వేయించండి. రేషను కార్డు దాచే చోటే దాన్నీ దాచండి. ఈ ఫ్యానును గోడ మీది పాత రెగ్యులేటరుకు కలపకూడదు. రిమోటుతోనే వేగం మార్చాలి. రిమోటు పిల్లల చేతికి ఇవ్వకండి. రెండో రోజే కనబడకుండా పోతుంది.

కోడలు 2,800కు బి.ఎల్.డి.సి. ఫ్యాను తీసుకుంది. మిగిలిన 200 మెకానిక్కుకు ఇచ్చింది. బిగించేటప్పుడు దూలానికి ఉన్న పాత కొక్కెం అరిగిపోయి కనిపించింది. "కొక్కెం కూడ మార్చన్నా" అంది అత్త. "ఫ్యాను బరువంత దాని మీదనే గదా." మెకానిక్కు కొత్త కొక్కెం వేశాడు. బోల్టుకు అడ్డంగా పిన్ను పెట్టి, కాళ్లు విడదీసి వంచాడు.

లెక్క వేయండి

1. ఒక ఇంట్లో 75 వాట్ల ఫ్యాన్లు రెండు ఉన్నాయి. ఒక్కొక్కటి రోజుకు 10 గంటలు తిరుగుతుంది. నెలకు ఎన్ని యూనిట్లు?

2. వాటిని తీసేసి 30 వాట్ల ఫ్యాన్లు రెండు పెట్టారు. ఇప్పుడు నెలకు ఎన్ని యూనిట్లు మిగులుతాయి?

3. మీ ఇంట్లో ఫ్యాను రెక్కల కింద ఎత్తు ఎంత? ఫ్యాను ఆపి, టేపు పెట్టి కొలిచి రాయండి.

4. పోయిన మే నెల కరెంటు బిల్లు తీయండి. అందులో ఎన్ని యూనిట్లు ఉన్నాయో చదవండి.