సోలో లైవ్‌కి కీబోర్డు కొంటున్నారా? టోన్లు లెక్కపెట్టే ముందు ఈ నాలుగు పాఠాలు చదవండి

ఫోన్ కొనేటప్పుడు ‘కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్?’ అని అడుగుతాం. కీబోర్డు కొనేవాళ్లు ‘ఎన్ని టోన్లు, ఎన్ని స్టైల్స్?’ అని అడుగుతారు. నేను కూడా అట్లే అడిగి కొన్న. మాది హుస్నాబాద్. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. పెళ్లిళ్లు, రిటైర్మెంట్ ఫంక్షన్లు, భజనలు, వినాయక మండపాలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయి వాయిస్తా. మొదట్లో నలుగురం కలిసి ఆటోలో పోయేవాళ్లం. ఆటో అకంపనిమెంట్ ఉన్న కీబోర్డు వచ్చినంక నేనొక్కణ్నే బండి మీద పోవడం మొదలైంది. ‘తబలా ఎందుకు, నీ పెట్టెల ఉంది కదా’ అన్నారు పిలిచినవాళ్లు. నేనూ సరే అన్న. ఏండ్లకేండ్లు నా పక్కన కూర్చుని తబలా వాయించిన అన్నకు అట్ల పని పోయింది.

ఆ తర్వాత ఒక ఏడాది ఎల్లమ్మ చెరువు దగ్గర బతుకమ్మకు వాయించిన. మంచి స్టైల్ పెట్టిన, టెంపో సెట్ చేసిన, సౌండ్ గట్టిగా వచ్చింది. కానీ ఆడవాళ్ల చప్పట్లు ఒక దిక్కు, నా రిథమ్ ఒక దిక్కు. నాలుగో పాటకు ముందుండి పాడే పెద్దమ్మ దగ్గరికొచ్చి, ‘బిడ్డా, నీ పెట్టె జెర ఆపు. మాకు ఊపిరి తీసుకోనిస్తలేదు’ అన్నది. ఆపిన. పాట వెంటనే సర్దుకుంది.

ఆ ఒక్క మాటతో నా లెక్క మారింది. టెక్నాలజీ పెరిగిన కొద్దీ సోలోగా వాయించేవాడి చేతికి కొత్త బలం వచ్చింది, నిజమే. దాంతోపాటే చెయ్యి చెయ్యాల్సిన పని కొంత మెషీన్‌కి పోయింది. కొనేముందు ఈ రెండూ విడివిడిగా తెలిసి ఉండాలి. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. వేలి బరువు: టచ్ రెస్పాన్స్

మన దగ్గర చిందు యక్షగానంలో, భజనల్లో వినిపించే హార్మోనియం సంగతి తీసుకోండి. మెట్టును మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా శబ్దంలో తేడా రాదు. తేడా తెచ్చేది తిత్తిని ఊపే చెయ్యి. అందుకే ఒక చెయ్యి ఎప్పుడూ గాలికే పోతుంది, స్వరానికి ఒక్కటే మిగులుతుంది.

ఎలక్ట్రానిక్ కీబోర్డు ఆ రెండో చేతిని విడిపించింది. కానీ తొలినాటి చవక కీబోర్డుల్లో గాలి పోయింది, దాని బదులు ఏమీ రాలేదు. ఎట్ల నొక్కినా ఒకటే సౌండ్. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 లాంటివి వేలి వేగాన్ని కొలవడాన్ని జనానికి అలవాటు చేశాయి. అదే ఏడాది బయటికొచ్చిన మిడి అనే ప్రమాణం ఆ వేగాన్ని 1 నుంచి 127 వరకు అంకెలతో చెబుతుంది. 2020లో వచ్చిన మిడి 2.0లో ఈ మెట్లు 65 వేలు దాటాయి.

మనకు పనికొచ్చే విషయం ఏంటంటే, టచ్ రెస్పాన్స్ లేని కీబోర్డు లైవ్ సోలోకి తీసుకోవద్దు. ఉన్నదాంట్లో కూడా సాఫ్ట్, మీడియం, హార్డ్ అని సెట్టింగ్స్ ఉంటాయి. స్టేజీ మీద కంగారులో వేళ్లు గట్టిగా పడతాయి కాబట్టి నేను హార్డ్ పెట్టుకుంటా. అప్పుడు మెల్లగా వాయించడానికి చోటు దొరుకుతుంది.

2. రెండు స్వరాల మధ్య దారి: పిచ్ బెండ్

1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. ఆ నిషేధం సడలింది 1971లో. మెట్ల వాద్యం మీద స్వరం నుంచి స్వరానికి జారడం కుదరదు, గమకం పలకదు అన్నది అప్పటి ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి. కీబోర్డుకీ అదే జబ్బు. దానికి మందు ఎడమ పక్కనుండే చిన్న చక్రం, పిచ్ బెండ్.

ఆ చక్రంతో ఎంత దూరం పోవచ్చో చెన్నైకి చెందిన కీబోర్డ్ విద్వాంసుడు కె. సత్యనారాయణన్ కర్ణాటక కచేరీలు చూస్తే అర్థమవుతుంది. కుడి చెయ్యి స్వరం పడుతుంది, ఎడమ చెయ్యి గమకం వేస్తుంది. హార్మోనియంలో గాలికి పోయిన చెయ్యి ఇక్కడ గమకానికి వచ్చిందన్నమాట. ఒకప్పుడు మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన ఏ.ఆర్. రెహమాన్ ఇంకో అడుగు ముందుకేశారు. ‘ఢిల్లీ-6’ (2009) సినిమాలో ‘రెహనా తూ’ పాట చివర వినిపించే జారుడు నాదం కంటిన్యూమ్ అనే వాద్యానిది. దానికి మెట్లే ఉండవు, పైన వేలు జరిపే మెత్తని పలక ఉంటుంది.

మామూలు కీబోర్డులో ఒక చిక్కుంది. చక్రం తిప్పితే ఆ చానెల్‌లో మోగుతున్న స్వరాలన్నీ ఒకేసారి జారతాయి. కార్డు పట్టుకుని చక్రం తిప్పితే మొత్తం పక్కకు ఒరిగిపోతుంది. 2018లో ప్రమాణంగా ఒప్పుకున్న ఎంపీఈ ఈ చిక్కును విప్పింది. ప్రతి స్వరానికీ వేరే చానెల్ ఇస్తుంది కాబట్టి ప్రతి వేలూ విడిగా జారగలదు. రోలీ సీబోర్డ్ లాంటివి ఈ పద్ధతిలో పనిచేస్తాయి. అవి ఖరీదైనవి, మన పెళ్లి స్టేజీకి తప్పనిసరి కాదు. మామూలు చక్రం చాలు. చాలా కీబోర్డుల్లో అది పైకి, కిందికి రెండేసి అర స్వరాలు జరిగేలా సెట్ అయి ఉంటుంది. మొదట ఆ కొలతలోనే సాధన చెయ్యండి. ‘స’ మెట్టు నొక్కి, చక్రంతో ‘రి’ శ్రుతికి సరిగ్గా తీసుకుపోయి ఆపండి. నిజమైన ‘రి’ మెట్టు నొక్కి సరిచూసుకోండి. రోజూ పది నిమిషాలు చేస్తే నెల తర్వాత మీకే తేడా తెలుస్తుంది.

3. తోడు వాయించే మెషీన్: ఆటో అకంపనిమెంట్

1981లో క్యాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డు వచ్చింది. అందులో హిరోకో ఒకుడా తయారు చేసిన ‘రాక్’ అనే రిథమ్ ఒకటుంది. 1985లో జమైకాలో వేన్ స్మిత్ దాని మీద ‘స్లెంగ్ టెంగ్’ పాడితే రెగే సంగీతం దారే మారిపోయింది. కాబట్టి స్టైల్ వాడితే కళ కాదు అనే మాట నేను ఒప్పుకోను. అక్కడ గాయకుడు రిథమ్‌ను ఎంచుకుని, దాని మీద పాట కట్టాడు. బతుకమ్మ రోజు నేను చేసింది తిరగేసిన పని. అప్పటికే ఉన్న పాట మీద రిథమ్ రుద్దిన.

బతుకమ్మ పాట ఒకరు చెబితే మిగతావాళ్లు అందుకునేది. చెప్పే ఆమె ఊపిరిని బట్టి, తిరిగే అడుగును బట్టి నడక మారుతుంది. మెల్లగా మొదలై వేగం అందుకోవచ్చు. మెషీన్‌కి 96 అని చెబితే తెల్లారేదాకా 96. తబలా అన్న ఉంటే ఆమె మొహం చూసి వాయించేవాడు.

దీనికి కీబోర్డులోనే కొంత జవాబుంది, మనమే వాడం. ట్యాప్ టెంపో బటన్‌ను చప్పట్లతో పాటు నాలుగు సార్లు నొక్కితే వేగం వాళ్లది అవుతుంది. సింక్ స్టాప్ ఆన్ చేస్తే ఎడమ చెయ్యి ఎత్తగానే రిథమ్ ఆగుతుంది, మళ్లీ పెట్టగానే మొదలవుతుంది. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట చెయ్యెత్తండి, చాలు. కొనేటప్పుడు ఈ రెండు బటన్లు మెనూ లోపల దాక్కోకుండా పైనే ఉన్నాయా చూడండి.

4. ఫోన్ కలిపితే: లేటెన్సీ

ఇప్పుడు ఓటీజీ కేబుల్‌తో కీబోర్డును ఫోన్‌కి కలిపి యాప్‌లోని సౌండ్లు వాయించొచ్చు. ఆండ్రాయిడ్‌లో మిడి సపోర్ట్ 6.0 వెర్షన్‌తో వచ్చింది. తక్కువ ఖర్చులో మంచి వయొలిన్, సన్నాయి దొరుకుతాయి. కానీ మెట్టు నొక్కాక శబ్దం వచ్చేసరికి పట్టే టైమ్ చూసుకోవాలి.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యం మూడున్నర మీటర్ల దూరంలోని స్పీకర్ విన్నట్టు. అది చెవి పట్టించుకోదు. బ్లూటూత్ స్పీకర్ పెడితే ఆలస్యం 150 మిల్లీసెకన్లు కూడా దాటొచ్చు. అంటే మీ స్పీకర్ యాభై మీటర్ల అవతల ఉన్నట్టే. పాటలు వినడానికి బ్లూటూత్ ఓకే, వాయించడానికి వైరే దిక్కు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరవద్దు. సన్నాయి మధ్యలో రింగ్‌టోన్ వస్తే నవ్వు ఆగదు.

చివరగా షాపులో ఏం చూడాలి?

యమహా పీఎస్ఆర్-ఐ500, రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటి వాటిలో ఇండియన్ సౌండ్లు ఎట్లాగూ ఉంటాయి. డెమో పాట నొక్కకండి, అది ఎప్పుడూ బాగానే ఉంటుంది. స్టైల్ ఆఫ్ చేసి, ఒక్క టోన్‌తో మీకు బాగా వచ్చిన పాట వాయించండి. మెల్లగా, గట్టిగా, చక్రంతో జారుస్తూ. తర్వాత సస్టెయిన్ పెడల్ తొక్కి స్టైల్ కూడా నడపండి. స్వరాలు మధ్యలో తెగుతుంటే పాలిఫనీ సరిపోవట్లేదని లెక్క. ఒంటి టోన్‌తో పాట నిలబడితే కొనండి.

మరుసటి బతుకమ్మకు స్టైల్ పెట్టలేదు. శ్రుతి ఒకటి సన్నగా పెట్టి, పెద్దమ్మ పాడినంక ఆ వరసనే వాయించిన. రేటు మాట్లాడేటప్పుడు ఇద్దరికి అని చెప్పిన, కొంత తగ్గించుకున్న. తబలా అన్నకు ఫోన్ చేస్తే ‘నీ పెట్టె పాడైందారా?’ అని అడిగిండు. ‘లేదన్నా, బాగనే ఉంది. నువ్వు రా’ అన్న.