తొలిగుఱ్ఱపు పలువరుస

పశువుల సంతకు పోయిన రైతు ఎద్దును బేరమాడుటకు ముందు దాని నోరు తెరచి పండ్లు చూచును. రెండు పండ్లు వేసినదా, ఆరు పండ్లు వేసినదా యని లెక్కించి దాని వయస్సు చెప్పును. అమ్మువాడు ఎన్ని మాటలు చెప్పినను, ఆ పండ్లు చెప్పిన మాటనే అతడు నమ్మును. భూగర్భమున లభించు ప్రాణులను గూర్చి పరిశోధించు శాస్త్రజ్ఞుల పద్ధతియు నిట్టిదే. అయితే వారు దంతములను చూచి జంతువు వయస్సును మాత్రమే కాక, దాని జాతిని, ఆహారమును, బంధువర్గమును గూడ నిర్ణయింతురు.

చనిపోయిన జంతువు శరీరములో మాంసము, చర్మము త్వరలోనే నశించును. ఎముకలు విరిగి చెదరిపోవును. కాని దంతములపై నుండు పింగాణి పొర దేహమునందలి పదార్థములన్నిటిలో కఠినమైనది. అందుచేత అస్థిపంజరము దొరకని చోట గూడ దంతములు శిలాజములై కోట్లకొలది సంవత్సరములు నిలిచి యుండును.

ఇంగ్లండు దేశమున కెంటు మండలములో హెర్న్ బే యను సముద్రతీర గ్రామము కలదు. దాని సమీపమున బంకమట్టి పొరలలో విలియం రిచర్డ్‌సన్ అను నతనికి ఒక చిన్న జంతువు కపాలము దొరికెను. అది విరిగి యుండెను. దానితో కాళ్ల యెముకలు దొరకలేదు. ఆ కాలమున శరీరనిర్మాణ శాస్త్రమునందు ప్రఖ్యాతుడైన రిచర్డ్ ఓవెన్ దానిని పరీక్షించి, 1841లో ‘హైరకోథీరియం లెపోరినం’ అని పేరు పెట్టెను. హైరాక్స్ అనునది ఆఫ్రికాలోను, పశ్చిమాసియాలోను రాళ్ల సందులలో వసించు కుందేలంత జంతువు. ‘హైరాక్స్ వంటి మృగము’ అని మొదటి పదమునకు, ‘కుందేలును పోలినది’ అని రెండవ పదమునకు అర్థము. ఆ చిన్న ప్రాణికి గుఱ్ఱముతో సంబంధ ముండవచ్చునని ఓవెన్‌కు తోచలేదు. అందుకు ఆశ్చర్యపడ నక్కఱలేదు. గుఱ్ఱపు పూర్వుల శిలాజములు వరుసగా దొరకుటకు ముందు ఆ పోలిక నెవ్వరు గుర్తింపగలరు?

ఆ వరుస ఎక్కువగా అమెరికాలో దొరికెను. యేల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఆత్నియల్ చార్లెస్ మార్ష్ పడమటి రాష్ట్రములనుండి అనేక శిలాజములను సేకరించెను. 1876లో ఆయన ఒక చిన్న జంతువును వర్ణించి ‘ఇయోహిప్పస్’ అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో ‘ఇయోస్’ అనగా ఉషస్సు, ‘హిప్పోస్’ అనగా గుఱ్ఱము. దాని ముందుకాళ్లకు నాలుగేసి, వెనుకకాళ్లకు మూడేసి వ్రేళ్లుండెను. ఒకే గిట్టపై పరుగెత్తు నేటి గుఱ్ఱమునకు అది పూర్వబంధువని మార్ష్ గ్రహించెను.

ఇక దాని పలువరుసను పరిశీలింతము. దవడలో ఒక్కొక్క ప్రక్కను మూడు కొఱుకుపండ్లు, ఒక కోఱ, నాలుగు ముందు దవడపండ్లు, మూడు వెనుక దవడపండ్లు, మొత్తము పదునొకండు కలవు. రెండు దవడలకును, రెండు ప్రక్కలకును లెక్కింపగా 44 అగును. దవడపండ్లు పొట్టివి. వానిపై గుండ్రని బుడిపెలు, వానిని కలుపుచు తక్కువ ఎత్తుగల గట్లు ఉండెను. వెనుక దవడపండ్లకంటె ముందువాని నిర్మాణము సరళముగా నుండెను. ఇట్టి పండ్లు లేతయాకులను, పండ్లను నమలుటకు చాలును. గడ్డిని నమలుటకు చాలవు. ఏలయన గడ్డిలో ఇసుకవంటి కఠినపదార్థము కలదు. నేలను మేయునపుడు ధూళియు నోటబడును. పొట్టిపండ్లు శీఘ్రముగా అరిగిపోవును. నేటి గుఱ్ఱపు దవడపండ్లు మిక్కిలి పొడవైనవి, పింగాణి మడతలు గలవి. అరిగిన కొలది చిగురునుండి పైకి వచ్చుచుండును. ముందు దవడపండ్లు వెనుకవానిని పోలిన రూపమును క్రమముగా పొందుటయు, పండ్లు పొడవగుటయు గుఱ్ఱపు వంశ చరిత్రలో ముఖ్యఘట్టములు.

1932లో క్లైవ్ ఫార్‌స్టర్ కూపర్ అను పండితుడు ఓవెన్ జంతువును, మార్ష్ జంతువును పోల్చి చూచి, రెండును ఒకే ప్రజాతికి చెందునని నిర్ణయించెను. జంతుశాస్త్ర నియమము ప్రకారము ఒక ప్రజాతికి రెండు పేర్లున్నచో మొదట పెట్టినదే నిలుచును. కనుక ‘ఉషస్సు నాటి గుఱ్ఱము’ అను సుందరనామము తొలగి, హైరాక్స్ పేరే గుఱ్ఱమునకు దక్కెను!

కథ అంతటితో ముగియలేదు. 20వ శతాబ్దపు చివరి భాగమున జెరెమీ హుకర్ ఆ పాత కపాలమునందలి దంతములను మరల పరీక్షించి, హైరకోథీరియము పేలియోథీరులను వేఱొక కుటుంబమునకు సన్నిహితమైనదని చూపెను. ఆ కుటుంబము గుఱ్ఱములకు దగ్గఱి బంధువే కాని గుఱ్ఱపు కుటుంబము కాదు. 2002లో డేవిడ్ ఫ్రోలిక్ హైరకోథీరియ మను పేరుతో చేర్చియుంచిన జాతులను పెక్కు ప్రజాతులుగా విభజించెను. అప్పుడు ‘ఇయోహిప్పస్’ అను పేరు మరల బ్రదికినది. ఆ విభాగములో ‘సిఫ్రిప్పస్’ అను క్రొత్త పేరొకటి కలదు. అరబ్బీ భాషలో ‘సిఫ్ర్’ అనగా సున్న.

సిఫ్రిప్పస్ దంతములు మఱియొక రహస్యమును వెల్లడించినవి. సుమారు 5 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూగోళము మిక్కిలి వేడెక్కెను. వయోమింగు రాష్ట్రమునందలి బిగ్‌హార్న్ లోయలో ఆ కాలపు పొరలనుండి తీసిన దంతముల పరిమాణమును శాస్త్రజ్ఞులు కొలిచిరి. ఆ ఫలితములు 2012లో వెలువడెను. మొదటి 1,30,000 సంవత్సరములలో ఆ జంతువు దేహము సుమారు 30 శాతము తగ్గెను. వాతావరణము చల్లబడగా మరల 76 శాతము పెరిగెను. వేడిమి ప్రాణులను ఎట్లు మార్చునో ఆ పండ్లు చెప్పుచున్నవి. భూమి మరల వేడెక్కుచున్న ఈ కాలమున ఆ సాక్ష్యము మిక్కిలి విలువైనది.

మన దేశమునకును ఈ కథలో భాగము కలదు. గుజరాతు రాష్ట్రమున సూరతు జిల్లాలోని వస్తాన్ లిగ్నైటు గనిలో లభించిన జంతువునకు 2005లో ‘కాంబేథీరియం’ అని నామకరణము చేసిరి. అది గుఱ్ఱము కాదు. గుఱ్ఱము, ఖడ్గమృగము, టేపిరు చేరిన బేసివ్రేళ్ల జంతువర్గమునకు సమీప బంధువు. దాని దంతములును బుడిపెలు గలవియే.

పేర్లు మనుష్యులు పెట్టినవి. క్రొత్త సాక్ష్యము దొరకినపుడు అవి మారును. ఓవెన్ వర్ణించిన దంతములు మాత్రము నాడెట్లుండెనో నేడును అట్లే యున్నవి. ఎంతటి పండితుడు చెప్పినను, ఆ మాటను వస్తువుతో మరల సరిపోల్చి చూచుటయే శాస్త్రమార్గము.

ప్రశ్నలు

1. శరీరభాగములలో దంతములే ఎక్కువ కాలము నిలుచుటకు కారణమేమి?
2. తొలిగుఱ్ఱపు దంతములకును నేటి గుఱ్ఱపు దంతములకును గల భేదములను వ్రాయుము.
3. ‘ఇయోహిప్పస్’ అను పేరు ఎట్లు తొలగెను? మరల ఎట్లు వచ్చెను?
4. సిఫ్రిప్పస్ దంతములవలన వాతావరణమును గూర్చి తెలిసిన విషయమేమి?