అక్షరములకు కొలతలు చెప్పు విద్య

కాదు, అమ్మాయీ, ఫైలు చెడిపోలేదు. "కొన్ని యెత్తులను సవరింపవలసి వచ్చినది" అని వీపీ-టు-వీఎఫ్ ప్రోగ్రాము తెరమీద చూపిన వాక్యమును చదివి, ఫాంటులోనే లోపమున్నదేమో యని దానిని తీసివేయుటకు సిద్ధపడితినని వ్రాసితివి. తొందరపడకుము. ఆ వాక్యము దోషమును తెలుపునది కాదు. చాలని చోటులో కొలతలను ఎట్లో ఇమిడ్చితినని చెప్పు సమాచారము మాత్రమే.

చోటు ఎందుకు చాలలేదో తెలిసినచో నీ భయము తానే తొలగును. అచ్చుకూర్పు ప్రోగ్రామైన టెక్ చదువుకొను కొలతల ఫైలగు టీఎఫ్ఎమ్ స్వరూపమును 1980లో లైల్ రామ్‌షా రూపొందించెను. కంప్యూటరులో జ్ఞాపకస్థలము మిక్కిలి ఖరీదైన ఆ దినములలో ఒక్కొక్క అక్షరమునకు 32 బిట్లు మాత్రమే కేటాయించి, అందు 8 బిట్లు వెడల్పునకు, 4 ఎత్తునకు, 4 లోతునకు, 6 ఇటాలిక్ సవరణకు, తక్కిన 10 అక్షరముల నడుమ ఎడమును సవరించు కెర్నింగు, అక్షరములను ఒక్కటిగా కూర్చు లిగేచరు మొదలగువాని జాడ తెలుపుటకు వినియోగించిరి. ఈ బిట్లలో నుండునవి కొలతలు కావు. కొలతల పట్టికలోని వరుససంఖ్యలు. నాలుగు బిట్లతో 16 సంఖ్యలే చెప్పనగును. అందొకటి సున్నకే చెల్లినది. కావున ఒక ఫాంటులో ఎన్ని అక్షరములున్నను వాని యెత్తులు సున్నగాక 15 రకములకు మించి యుండరాదు. అడోబీవారి కొలతల ఫైలైన ఏఎఫ్ఎమ్ అన్ననో, ప్రతి అక్షరమునకును సిరా ఎంతవరకు వ్యాపించునో అంతవరకు కొలిచి చెప్పును. గుండ్రని అక్షరము చదునైనదానికంటె ఒకింత పైకి ఉబుకును. తలపై గుర్తుగలది ఇంకను పైకి పోవును. ఇట్లు పదులకొలది భిన్నమైన యెత్తులేర్పడును. వీనినన్నిటిని 15 గుంపులుగా కూర్చునప్పుడు కొన్ని అక్షరములు తమ యెత్తును వెంట్రుకవాసి పోగొట్టుకొనును. పోగొట్టుకొననిమ్ము. ఎత్తులో వచ్చిన స్వల్పభేదము ఆ అక్షరముతోనే ఆగిపోవును. వెడల్పులో వచ్చిన భేదమో, అక్షరము వెంట అక్షరముగా పంక్తి చివరివరకు పేరుకొనుచు పోవును. అందుచేతనే వెడల్పునకు ఎనిమిది బిట్లిచ్చి, ఏ అక్షరపు వెడల్పు ఆ అక్షరమునకు దక్కునట్లు చేసిరి. ఎక్కడ పొదుపు చేయవచ్చునో, ఎక్కడ చేయరాదో ఎరిగిన ఆ వివేకమును ఎన్నిమారులు తలచుకొన్నను నాకు తనివితీరదు.

అసలు రోగమును నీవు ఉత్తరము చివర ఏదో అల్పవిషయమువలె ఒక వాక్యములో వ్రాసి విడిచితివి. ఫ్రెంచి "కఫే" అను మాట చివర, తలపై వాలుగీటు గల అక్షరము రావలసిన చోట, అడ్డగీటు కొట్టిన పెద్ద ఓ పడి ప్రక్కనున్న కామా మీదికెక్కినదనియు, ఇంగ్లీషు "ఫైర్" అను మాటలో మొదటి రెండక్షరములు మాయమై ఖాళీ మిగిలినదనియు చెప్పితివే, అది రోగము. నీ కలవరము కొంత అటువైపు మళ్లియుండిన బాగుండెడిది!

టైమ్స్-రోమన్ ఏఎఫ్ఎమ్ ఫైలును మామూలు ఎడిటరులో తెరచి చూడుము. అది మనుష్యులు చదువదగిన వాచకమే. పెద్ద ఏ అక్షరమునకు అందొక పంక్తి కలదు: "సీ 65, డబ్ల్యూఎక్స్ 722, ఎన్ ఏ, బీ 15 0 706 674". అనగా స్థానము 65, వెడల్పు ఎమ్‌లో, అనగా ఫాంటు పరిమాణమంత కొలతలో, వేయింట 722 వంతులు, పేరు ఏ, సిరా వ్యాపించు పెట్టె హద్దులు తక్కిన నాలుగంకెలు. ఇక కఫే చివరి అక్షరపు పంక్తిని వెదకుము: "సీ -1, డబ్ల్యూఎక్స్ 444, ఎన్ ఈఅక్యూట్". స్థానము ఋణ ఒకటి! అక్షరము ఫాంటులో నున్నది, రూపమున్నది, వెడల్పున్నది, పేరున్నది. స్థానము మాత్రము లేదు. అడోబీ స్టాండర్డ్ ఎన్‌కోడింగులో స్థానము పొందినవి 149 అక్షరములే. తక్కినవన్నియు ఎవరైన చోటు చూపువరకు పేరుతోనే వేచియుండును.

ఏఎఫ్ఎమ్ నుండి టీఎఫ్ఎమ్‌కు మార్చుటలోని సారమంతయు ఈ ఒక్క పంక్తిలో నున్నది. ఏఎఫ్ఎమ్ పేర్లతో మాటలాడును. టీఎఫ్ఎమ్‌కు పేర్లు తెలియవు, 0 మొదలు 255 వరకు సంఖ్యలు మాత్రమే తెలియును. వేయింట 722ను టీఎఫ్ఎమ్ లెక్కప్రకారము 10,48,576 భాగములలో 7,57,072గా వ్రాయుట గుణకారమే. అది యంత్రము చేయును, దానికై నీవు చింతింపనక్కరలేదు. ఏ పేరు ఏ సంఖ్యకు చెందునో నిర్ణయించుట మాత్రము మనుష్యుడు చేయవలసిన పని. ఆ నిర్ణయమును వ్రాసియుంచు పత్రమే ఎన్‌కోడింగు ఫైలు. నీవు వాడిన 8ఆర్ ఎన్‌కోడింగులో ఈఅక్యూట్ స్థానము 233. స్టాండర్డ్ ఎన్‌కోడింగులో అదే 233లో అడ్డగీటు గల పెద్ద ఓ కూర్చున్నది. 8ఆర్‌లో ఎఫ్-ఐ లిగేచరు స్థానము 2. స్టాండర్డులో 2వ స్థానమున ఏమియు లేదు. నీ పుటలో కనబడిన రెండు వింతలకును కారణమిదియే. టెక్ 444 వంతుల చోటు విడిచినది. అచ్చులో 722 వంతుల వెడల్పు గల అక్షరము వచ్చి ఆ చోట పడినది. కామా మీదికెక్కక ఏమి చేయును?

ఇక్కడ నాకు మిక్కిలి ప్రియమైన విషయము నొకదానిని చెప్పనిమ్ము, విసుగుకొనకుము. టెక్ అక్షరపు రూపమును ఎన్నడును చూడదు. డొనాల్డ్ కనూత్ 1977లో ఈ వ్యవస్థను మొదలుపెట్టినప్పటినుండియు ఇదియే పద్ధతి: టెక్ చూచునవి వెడల్పు, ఎత్తు, లోతు గల శూన్యమైన పెట్టెలు. ఆ పెట్టెలను పేర్చి, పంక్తులను విరిచి, పుటలను కట్టి, ఏ పెట్టె ఎక్కడ నుండవలెనో డీవీఐ ఫైలులో వ్రాసి తన పని ముగించుకొనును. సిరాను ఎరిగినది డీవిప్స్ వంటి మరియొక ప్రోగ్రాము. మీ ముత్తాతగారి కాలపు అచ్చుకూటములలో సీసపు టైపునకు ఈ ద్వైధీభావము లేదు. ముఖమును, ఒడలును ఒకే ముద్దగా పోతపోసినవి, కనుక ఒక అక్షరపు వెడల్పులో వేరొక అక్షరపు ముఖము వచ్చుట అసంభవము. ముఖమును ఒడలినుండి వేరుచేసిన నాటినుండి ఆ రెండింటికి నడుమ ఒడంబడిక యొకటి అవసరమైనది. ఆ ఒడంబడికను టెక్‌వైపున టీఎఫ్ఎమ్‌లోను, డీవిప్స్‌వైపున మ్యాపు ఫైలులోను వ్రాయుదుము. రెండుచోట్లను ఒకే మాట యుండవలెను. ఒకచోట నొకటి, మరియొకచోట నొకటి వ్రాసినను ఎవరును నీకు తప్పు చూపరు, ఏ ప్రోగ్రామును ఆగదు, ఏ హెచ్చరికయు రాదు. ఇంగ్లీషు వచనము చాలవరకు చక్కగనే అచ్చగును, ఏలయన మామూలు ఇంగ్లీషు అక్షరములకు రెండు ఎన్‌కోడింగులలోను స్థానములొకటే. పుస్తకము బైండింగునకు పోయిన పిదప పరభాషాపదములలోను, డ్యాషులలోను, లిగేచరులలోను ఆ భేదము బయటపడును.

నీవు చేసినదేమో ఇప్పుడు నీకే తెలిసియుండును. ఏఎఫ్ఎమ్-టు-టీఎఫ్ఎమ్‌ను నడపునప్పుడు 8ఆర్ ఎన్‌కోడింగును చెప్పితివి, వర్చువల్ ఫాంటును అడిగితివి. అంతవరకు పని చక్కగా చేసితివి, సంతోషించితిని. ఆ ప్రోగ్రాము తన పని ముగియగానే, మ్యాపు ఫైలులో చేర్పవలసిన పంక్తిని తానే తెరమీద వ్రాసి చూపినది. అందులో మొదట టెక్ ఎరిగిన పేరు, పిమ్మట పోస్ట్‌స్క్రిప్టు పేరు, ఆపైన ఎన్‌కోడింగును మార్చుమను ఆజ్ఞ, చివర ఎన్‌కోడింగు ఫైలు పేరు. నీవు మొదటి రెండు మాటలు మాత్రము ఎత్తివ్రాసి, తక్కినది అలంకారమనుకొని విడిచితివి. తల్లీ, యంత్రము అలంకారములు వ్రాయదు! అక్షరములను వాలుగా చేయమన్నను, వెడల్పు చేయమన్నను ఇదే కథ: కొలతలకు చెప్పినది రూపమునకును చెప్పవలెను, ఆ ఆజ్ఞయు ఆ పంక్తిలోనే యుండును. ఇంకొకటి. మ్యాపు ఫైలులో వర్చువల్ ఫాంటు పేరును కూడ వ్రాసియున్నావు, అది తీసివేయుము. వర్చువల్ ఫాంటునకు సొంత సిరా లేదు. "నా 28వ అక్షరము కావలసినచో ముడి ఫాంటులోని 2వ దానిని తెచ్చుకొనుము" అని, సిరా గల ఆ ముడి ఫాంటునకు దారిచూపుట దాని పని. మ్యాపులో ముడి ఫాంటు ఒక్కటి చాలును.

మార్చిన ప్రతి ఫైలును తిరిగి విప్పి కంటితో చదువు అలవాటు చేసికొనుమని నిన్ను మరల మరల కోరుదును. టీఎఫ్ఎమ్ యంత్రభాష గనుక నేరుగా చదువరాదు. టీఎఫ్-టు-పీఎల్ దానిని చదువదగిన పట్టికగా విప్పును. అందు పెద్ద ఏ అక్షరమునకు వెడల్పు 0.722 అని యున్నదా? ఏ ప్రక్క వీ వచ్చినప్పుడు రెంటిని దగ్గరకు జరుపు కెర్నింగు ఋణసంఖ్యగా నున్నదా? ఈఅక్యూట్‌కు నీవనుకొన్న స్థానమున 0.444 ఉన్నదా? ఈ మూడును చూచిన, తక్కిన పట్టికను చాలవరకు నమ్మవచ్చును. కొరియర్ వంటి ఫాంటులో ప్రతి అక్షరమును 600 వంతులే గనుక అక్కడ వెడల్పు చూచి ఏమియు కనిపెట్టలేవు, స్థానములనే చూడవలెను.

మీ నాన్నగారి తెలుగు వ్యాసములను కూడ ఇట్లే టీఎఫ్ఎమ్ చేసి అచ్చువేయవచ్చునా యని అడిగితివి. వలదు. యూనికోడులో తెలుగునకు కేటాయించిన స్థానములు 128 మాత్రమే యైనను, గుణింతములును, వత్తులును, వాని కూడికలును కలిసి కావలసిన రూపములు వందలకొలది. టీఎఫ్ఎమ్‌లో నున్నవి 256 గదులు. పైగా ఏ రూపము కావలెనో, వత్తు ఎంత దిగువన, ఎంత ప్రక్కగా పడవలెనో ఇరుగుపొరుగు అక్షరములను బట్టి మారును. పూర్వము కొందరు శ్రమించి, రోమను లిపిలో టైపుచేసిన తెలుగును వేరొక ప్రోగ్రాముతో విడదీసి, దానికై గీసిన ఫాంట్లతో టెక్‌లో కూర్చిరి. వారి దీక్షకు నమస్కారము. నేడు ఆ శ్రమ అక్కరలేదు. జోనథన్ క్యూ 2004లో విడుదలచేసిన జీటెక్ ఓపెన్‌టైపు ఫాంటును నేరుగా చదువుకొనును. కొలతలును, వత్తుల కూర్పును ఫాంటులోనే యుండును. టీఎఫ్ఎమ్ మార్పిడి లేదు, మ్యాపు పంక్తి లేదు. పోతన, వేమన ఫాంట్లలో నొకదానితో ఆరంభింపుము.

నీవు కూర్చుచున్న ఇంగ్లీషు పుస్తకమునకు మాత్రము నీవు మొదలుపెట్టిన దారియే మంచిది, విడువకుము. మ్యాపులోని పంక్తిని పూర్తిగా వ్రాసి "కఫే" గల పుటను మరల అచ్చుతీసి, దానితోపాటు టీఎఫ్-టు-పీఎల్ విప్పిన పట్టికలో 233వ అక్షరమునకు సంబంధించిన భాగమును కూడ నాకు పంపుము. అక్కయ్యకు, బావగారికి నా నమస్కారములు చెప్పుము.

ఆశీస్సులతో,
నీ మేనమామ