పొద్దుటి పళ్లెంలో ఒక గుడ్డు

పిల్లల వార్డులో తల్లులను “పొద్దున బిడ్డకు ఏం పెట్టావమ్మా?” అని అడిగితే చాలామంది టీ, బిస్కెట్టు అంటారు. ఆ పూట ఇడ్లీతోనో, చద్దన్నంతోనో ఉడికించిన గుడ్డు పెట్టండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఎ, డి, బి12 విటమిన్లు పచ్చసొనలోనే ఎక్కువ. కొందరు దానినే తీసి పారవేస్తారు! వేడి చేస్తుందని భయపడకండి. ఆరు నెలలు నిండిన బిడ్డకు బాగా ఉడికిన గుడ్డు చిదిమి కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు. దద్దుర్లు, వాంతులు కనిపిస్తే ఆపి డాక్టరుగారికి చూపించండి. బలమని పచ్చిగుడ్డు తాగించవద్దు. సాల్మొనెల్లా క్రిమి సోకి విరేచనాలు కావచ్చు.

గుడ్లు తక్కువైన ఇంట అవి ముందు మగవారి పళ్లెంలోకే వెళ్తుంటాయి. గర్భిణికి, పాలిచ్చే తల్లికి, ఎదిగే పిల్లలకు ముందు పెట్టండి.