ఆడుబిడ్డకు పేరు, పిలుపు

శ్రీమద్భాగవతము షష్ఠస్కంధమునందలి అజామిళుని వృత్తాంతము ఎల్లరకును తెలిసినదే. ఆతడు తన కడగొట్టు కుమారునకు నారాయణుడని పేరిడెను. అంత్యకాలమున యమభటులను చూచి భయపడి ఆ బాలునే పిలిచెను. ఆ పిలుపే అతనిని రక్షించినది. ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగియున్నది. అజామిళునకు ఉపకరించినది కుమారునకు భగవన్నామము పెట్టుట మాత్రమే కాదు, ఆ నామముతోనే దినదినము పిలుచుట. ఇంట ముద్దుగా మరియొక మాటతో పిలుచు అలవాటే ఉండినచో, ఆ ఘడియలో ఆ మాటయే నోట వెడలెడిది. కావున పేరు నిర్ణయించుటలో ఎంత శ్రద్ధ వహింతుమో, పిలుపును నిర్ణయించుటలోను అంత శ్రద్ధ వహింపవలసియున్నది.

హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ, గౌలిపురా, అలియాబాదు ప్రాంతముల తెలుగు ఇండ్లలో ఆడుబిడ్డ తొట్టెలకు ముందు తరచుగా ఒక వాదము నడచును. నాయనమ్మ పేరు ఆండాళ్ళు. మనుమరాలికి ఆ పేరే నిలుపవలెనని పెద్దల పట్టుదల. అది పాతపేరు, బడిలో తోటిపిల్లలు నవ్వుదురని తల్లి సంకోచము. తుదకు కాగితముపై ఆండాళ్ళు, ఇంటిలో మున్నీ అని రాజీ కుదురును. మున్నీ అను మాటలో వాత్సల్యము లేకపోలేదు. ఇరుగుపొరుగు ఉర్దూనుండి మన ఇండ్లలోనికి వచ్చిన ముద్దుమాట అది. అయితే ఆండాళ్ నామము కాగితమునకే పరిమితమై, ఇంటివారి నాలుకకు దూరమైపోవును.

తల్లి సంకోచమునకు మరియొక కారణము కూడ కలదు. దానిని పెద్దలు మరువరాదు. కోడలు అత్తగారి పేరు ఉచ్చరింపరాదను మర్యాద మన ఇండ్లలో చిరకాలముగా నున్నది. అత్తగారి పేరే బిడ్డకు పెట్టినచో తల్లి బిడ్డను ఏమని పిలువవలెను? కోపము వచ్చినపుడు ఏమని గదమాయింపవలెను? అమ్మడు, అమ్మణ్ణి, చిట్టి, బుజ్జి మొదలగు పిలుపులు అనేక గృహములలో ఇట్లు పుట్టినవే. ఇది గౌరవమునుండి వచ్చిన చిక్కు గాని అగౌరవమునుండి వచ్చినది కాదు. కనుక కోడలిని ఆక్షేపించుటకంటె, దైవనామము చెడకుండ ముద్దుపేరు కూర్చుట పెద్దలకు తగిన పని.

ఇందుకు పూర్వుల మార్గమున్నది. తాళ్లపాక అన్నమాచార్యుల ధర్మపత్ని, సుభద్రాకల్యాణమును రచించిన తిమ్మక్క అసలు పేరు తిరుమలమ్మ. తిరుమలమ్మ తిమ్మక్క అయినను స్వామి తొలగలేదు. తిమ్మప్ప యనగా తిరుమలేశుడే గదా! తరిగొండ వెంగమాంబ పేరిలోని ‘వెంగ’ వేంకట శబ్దమునకు వాడుకలో వచ్చిన రూపము. పలుకు నలిగినది, దైవము నిలిచినది. యాదగిరి నరసింహుని సేవించు తెలంగాణ పల్లెలలోని యాదమ్మ యను పేరును అట్టిదే.

ఈ మార్గమునే అనుసరించినచో రంగనాయకిని రంగమ్మ యనవచ్చును. వేదవల్లిని వల్లి యనవచ్చును. అలమేలుమంగతాయారు నోటికి పెద్దపేరే. తాయార్ అనగా తమిళమున తల్లి. శ్రీవైష్ణవులు లక్ష్మీదేవిని పిలుచు మాట అది. కోడలు అత్తగారిని స్మరించి వెనుదీయు ఇంట మనుమరాలిని ‘తాయారూ’ అని పిలిచిన ఎవరికిని ఇబ్బంది యుండదు. అలర్, మేల్, మంగై అను మూడు తమిళపదములు కలిసి, పూవుపై నున్న వనిత యను అర్థము వచ్చినది. కేవలము అలమేలు అన్నచో ‘పూవుపైన’ అని మాత్రమే అర్థము మిగులును, వనిత పోవును! వైయాకరణులు దీనికి నొసలు చిట్లింతురు గాని, శిష్టుల వాడుక ఆ పేరును ఏనాడో పవిత్రము చేసినది.

ఆండాళ్ విషయము మరింత మనోహరము. శ్రీవిల్లిపుత్తూరులో తులసివనమున లభించిన శిశువునకు విష్ణుచిత్తులు పెట్టిన పేరు కోదై, అనగా పూలమాల. సంస్కృతమున గోదా అయినది. తాను ధరించి విడిచిన మాలలతో శ్రీరంగనాథుని వశపరచుకొన్నందున ఆమె ఆండాళ్, అనగా ఏలినది, అయినది. తండ్రి పెట్టిన పేరు ఒకటి, ప్రేమవలన వచ్చిన పిలుపు మరియొకటి, రెండును పూజనీయములే. పురానాపూలుకు చేరువనున్న జియాగూడ రంగనాథస్వామి ఆలయమున ధనుర్మాసమందు తిరుప్పావై ముప్పది పాశురములను విని ఎదిగిన బాలికకు ఈ కథ చెప్పినచో, బడిలో నవ్విన పిల్లలకు తానే సమాధానము చెప్పుకొనగలదు. పాతపేరు బరువగునది దాని కథ తెలియనపుడే.

బీబీ నాంచారి పేరు వినని శ్రీవైష్ణవుడుండడు. తురక రాకుమార్తె స్వామిని వలచి వెంట వచ్చినదని సంప్రదాయకథ. బీబీ అనునది ముస్లిముల ఇండ్లలో స్త్రీలకిచ్చు గౌరవపదము, నాంచారి మన నాచ్చియార్. చార్మినారు నీడన నివసించువారికి ఈ జంటమాట వింతగా తోచదు.

ఇక శాస్త్రము. ఆడుశిశువు పేరున బేసి అక్షరములుండవలెనని ఆపస్తంబాది గృహ్యసూత్రములు చెప్పుచున్నవి. స్త్రీనామము సులభముగా పలుకదగినదై, క్రూరము కానిదై, అర్థము స్పష్టమై, మంగళకరమై, దీర్ఘాంతమై, ఆశీర్వాదమును తెలుపవలెనని మనువు చెప్పెను. సీత, రాధ, లక్ష్మి, గోద అన్నియు రెండక్షరములే గనుక అక్షరసంఖ్యను గూర్చి అతిగా చింతింప నక్కరలేదు. మంగళకరమై యుండవలెనన్న నియమము మాత్రము ప్రాణమువంటిది. మహారాష్ట్రములోని సాతారా జిల్లాలో 2011వ సంవత్సరమున రెండు వందలకు పైగా బాలికల పేర్లు మార్పించిరి. వారి పేరు ‘నకుశా’, అనగా అక్కరలేనిది. పుట్టిన బిడ్డకు తల్లిదండ్రులిచ్చు మొదటి మాట అదియా! మన ప్రాంతమున బిడ్డలు దక్కని తల్లులు పెంటమ్మ, పుల్లమ్మ అని పెట్టుకొన్న పేర్లు వేరు. బిడ్డ బ్రతుకవలెనను ఆర్తి వానిలో నున్నది. వానిని నవ్వరాదు.

నక్షత్రమునకు తగిన అక్షరము కుదరలేదని కొందరు దైవనామమునే వదలుకొందురు. పుబ్బ నక్షత్రమునకు మో, టా, టీ, టూ అని చెప్పుదురు. టకారముతో శ్రావ్యమైన పేరు ఎచ్చట దొరకును? ధర్మగ్రంథములు దేవతానామము, మాసనామము, నక్షత్రనామము, వ్యావహారికనామము అని నాలుగు పేర్లను విధించినవి. బియ్యముపై నక్షత్రనామమును వ్రాసి, వ్యవహారమునకు ఆండాళ్ అనియే ఉంచవచ్చును.

తొట్టెలనాటికి వాదము తేలకున్నను తొందర లేదు. 1969వ సంవత్సరపు జనన మరణ నమోదు చట్టము ననుసరించి జననమును 21 దినములలో తెలుపవలెను గాని, పేరు తరువాత చేర్పించవచ్చును. ఒక సంవత్సరములోపల రుసుము లేదు. ఆపై పదునైదేండ్లవరకు రుసుముతో చేర్తురు. చేర్పించునపుడు తెలుగు అక్షరములను స్వయముగా సరిచూచుకొనుట మంచిది. ఉర్దూ లిపిలో గాని ఇంగ్లీషులో గాని ళకారమునకు వేరు అక్షరము లేదు. ఆ కాగితములను చూచి వ్రాయుటవలన ఎందరో ఆండాళ్ళులు ఆండాలులైనారు.