అలెగ్జాండ్రా రాణి పేరుగల సీతాకోకచిలుక

మన చేలగట్లమీద తిరుగు సీతాకోకచిలుక అరచేతిలో ఇముడును. పాపువా న్యూగినీ దేశమందు ఓరో అను ప్రాంతపు వర్షారణ్యములో మాత్రము ఒక జాతి కలదు. దాని ఆడది రెక్కలు చాచినయెడల 25 సెంటీమీటర్లు దాటును. మన జానెడు చాలదు! లోకమందలి సీతాకోకచిలుకలన్నిటిలో ఇదే పెద్దది. చెట్ల కొనలయందు ఎగురుచుండగా 1906లో ఆల్బర్ట్ మీక్ అను సేకర్త మొదటిదానిని తుపాకితో కొట్టించి దింపెను. మరుసటి యేట రోత్‌షీల్డ్ అను శాస్త్రజ్ఞుడు దానికి ఇంగ్లాండు రాణియగు అలెగ్జాండ్రా పేరు పెట్టెను.

రాణి పేరున్నను ఆడదాని వేషము సాదాయే. గోధుమరంగు, దానిపై మీగడరంగు మచ్చలు. మగది చిన్నదైనను, నల్లని రెక్కలపై నీలము, ఆకుపచ్చ చారలతోను, పసుపుపచ్చని పొట్టతోను మెరయును.

దీని గొంగళిపురుగు నల్లనిది. ఒంటినిండ ఎఱ్ఱని మొటిమలు, నడుమ జీనువేసినట్లు ఒక మీగడరంగు పట్టీ యుండును. ఇది ఒక్క జాతి తీగ ఆకులనే తినును. ఆ తీగ మన ఈశ్వరవేరుకు జ్ఞాతి. మీ కంచెమీద ఈశ్వరవేరు అల్లుకొనియున్నయెడల ఆకులక్రింద వెదకుడి. ఇట్టి మొటిమలుగల చిన్న పురుగులే మీకును కనబడవచ్చును. ఆ తీగయందలి విషము పురుగు ఒంటబట్టి, పక్షులకు దానిని రుచింపనీయదు.

గ్రుడ్డు పెట్టిన సుమారు ఆరు వారములకు పురుగు ప్యూపాగా మారి, ఆ దశలో నెలకు పైగా నుండును. బయటికి వచ్చుట తెల్లవారుజామున, గాలిలో తేమ యుండగానే. ఎందుకనగా అంత పెద్ద రెక్కలు పూర్తిగా విచ్చుకొనకముందే ఎండిపోయినయెడల అది మరి ఎగురలేదు. అటుపిమ్మట మూడు నెలలో, కొంచెమెక్కువో బ్రదుకును.

1951లో లామింగ్టన్ అగ్నిపర్వతము బ్రద్దలై సుమారు 3,000 మందిని పొట్టనబెట్టుకొనెను. ఈ సీతాకోకచిలుక నివసించు అడవియు విస్తారముగా కాలిపోయెను. మిగిలినదానిలో చాలభాగము పామాయిల్ తోటలకును, కలపకును పోయినది. మన గోదావరి ప్రాంతమువారు ఎరిగిన తోటలే అవి. సీతాకోకచిలుకను దేశాంతరములకు అమ్ముటను అంతర్జాతీయ ఒప్పందము నిషేధించినది. మంచిదే. అయితే పురుగు తినునది ఒప్పందమును కాదు గదా, తీగను! ఆ తీగను నాటు ప్రయత్నములు అక్కడ జరిగినవి. కాని తీగ నాటినంతమాత్రమున తీరదు. అది ప్రాకుటకు ఎత్తైన అడవిచెట్టు ప్రక్కన నిలిచి యుండవలెను.