టాటానగర్‌లో సైకిల్, దానికో సంచి

రైలు టిక్కెట్టు మీద టాటానగర్ అని ఉంటుంది, ఉద్యోగం ఉత్తరం మీద జంషెడ్‌పూర్ అని ఉంటుంది. రెండూ ఒకే ఊరు. సాక్చీ అనే పల్లె చుట్టూ లేచిన ఉక్కు నగరానికి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. అప్పటిదాకా కాలిమాటి అనిపించుకున్న స్టేషన్ టాటానగర్ అయింది. ఉత్తరాంధ్ర నుంచి తెలుగువాళ్లు ఇక్కడికి పనికి రావడం తరాల నాటి మాట. కద్మాలో, బర్మామైన్స్‌లో వీధిలో తెలుగు వినబడుతుంది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. అద్దె ఇల్లు, పిల్లల బడి, ఇడ్లీ రవ్వ దొరికే కొట్టు, ఇవన్నీ అక్కడ ఎవరినడిగినా చెబుతారు. సైకిల్‌కి ఎలాంటి సంచి కట్టుకోవాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు, అడగాలని కూడా ఎవరికీ తోచదు.

అడగదగ్గ సంగతే. ఈ ఊరు సైకిల్‌కి అనువైనది. కద్మా నుంచి బిష్టుపూర్‌కి మూడు నాలుగు కిలోమీటర్లే. టౌన్‌షిప్ రోడ్లు వెడల్పు, పక్కన చెట్లు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది, ఈ మూడు షిఫ్టుల వేళల్లో ఊరంతా ఒక్కసారి కదులుతుంది. ఆ రద్దీలో హ్యాండిల్‌కి వేలాడే ప్లాస్టిక్ కవర్ ఊగి ముందు చక్రం పుల్లల్లో ఇరుక్కుంటే మనిషి కింద పడతాడు. చాలామంది కొత్తవాళ్లు టిఫిన్ బాక్సును అలాగే తగిలించుకుని వెళతారు. ముందుగా మానాల్సింది ఇదే.

వీపు సంచి ఉంది కదా, చాలదా అనుకుంటారు. జనవరిలో చాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, లూ అనే వేడిగాలి వీస్తుంది. వీపుకి సంచి అతుక్కుని ఉంటే ఆఫీసుకి చేరేసరికి చొక్కా పిండుకోవాల్సి వస్తుంది. బరువును సైకిల్ మీదికి దించడమే మేలు. ఎక్కడికి దించాలన్నది సైకిల్‌ని బట్టి ఉంటుంది.

పాత రకం నల్ల సైకిల్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వెనక ఇనుప క్యారియర్, దాని మీద స్ప్రింగ్ క్లిప్ సిద్ధంగా ఉంటాయి. సంచిని అడ్డంగా పెట్టి క్లిప్ కింద నొక్కి, పైన పాత ట్యూబు ముక్కతో ఒక చుట్టు చుడితే గతుకుల్లోనూ కదలదు. ఇలాంటి సైకిళ్లకు సీటు కింద లావు స్ప్రింగులుంటాయి. ఆన్‌లైన్‌లో దొరికే సన్నటి సీటు సంచులు వాటికి సరిగ్గా పట్టవు, మడ్‌గార్డుకు రాసుకుని పది రోజుల్లో చిరుగుతాయి. గేర్ల సైకిళ్ల సంగతి దీనికి తలకిందులు: సీటు సంచి చక్కగా కుదురుతుంది, క్యారియర్ మాత్రం చాలావాటికి విడిగా కొని బిగించుకోవాలి.

ఫ్రేమ్ మధ్య తగిలించే ముక్కోణపు సంచి చూడముచ్చటగా ఉంటుంది. మందం ఆరేడు సెంటీమీటర్లు మించితే తొక్కేటప్పుడు మోకాళ్లకు తగులుతుంది. లేడీస్ సైకిల్‌కి అది పనికిరాదు. దానికి ముందు బుట్టే దిక్కు. బుట్టలో సంచిని ఊరికే పడెయ్యకుండా దాని పట్టీని హ్యాండిల్ రాడ్‌కు ఒక చుట్టు తిప్పి ఉంచాలి. గతుకులో ఎగిరిపోదు, దారిన పోయేవాళ్లు లాక్కోలేరు. హ్యాండిల్ మీద ఏ సంచి పెట్టినా ఒకటిన్నర కిలోలు మించనివ్వకూడదు. అంతకు మించితే మలుపులో హ్యాండిల్ తనంత తాను ఒరుగుతుంది. ఆదిత్యపూర్ నుంచి ఖర్కాయ్ వంతెన మీదుగా, మాంగో నుంచి సువర్ణరేఖ వంతెన మీదుగా లారీల పక్కన వచ్చేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

అసలు కిటుకు ఒక సంచి కాదు, రెండు. ఒకటి గుప్పెడంత చిన్నది, సీటు వెనక బిగించి ఎప్పటికీ విప్పనిది. అందులో పనిముట్లు: చక్రం నట్లకు పట్టే స్పానర్, టైరు విప్పే రెండు లివర్లు, పంక్చర్ ప్యాచీలు, గరుకు కాగితం ముక్క. నల్ల సైకిల్ అయితే సన్నటి రబ్బరు వాల్వు గొట్టం ముక్క ఒకటి తప్పనిసరి. గాలి దిగిపోయినప్పుడు చాలాసార్లు ట్యూబు బాగానే ఉంటుంది, వాల్వు లోపల ఎండిపోయిన ఆ రబ్బరే కారణం. కొన్ని రూపాయల వస్తువు, మార్చడానికి రెండు నిమిషాలు.

రెండోది చేత్తో తీసుకుని లోపలికి వెళ్లేది. ఫోను, డబ్బులు, గుర్తింపు కార్డు, మందులు, టిఫిన్. సైకిల్‌ని స్టాండులో వదిలి పోవాలి గనక ఈ సంచి ఒక్క లాగుతో ఊడి రావాలి, భుజాన వేసుకునే పట్టీ ఉండాలి. పొడవు 25, ఎత్తు 15, మందం 10 సెంటీమీటర్లు ఉంటే మూడున్నర లీటర్లకు పైగా పడుతుంది. ఒక పూట అవసరాలకు అది చాలు. గుండ్రటి గిన్నెల క్యారేజీ కన్నా పలకల్లాంటి బాక్సు ఇందులో బాగా ఇముడుతుంది, పప్పుచారు మాత్రం బిగుతు మూత ఉన్న గ్లాసు డబ్బాలో పోయాల్సిందే.

బట్ట విషయంలో తొందరపడకూడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ వానలు గట్టిగా కురుస్తాయి. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మనక్కర్లేదు, నీళ్లు దిగేది బట్టలోంచి కాదు, కుట్టుల్లోంచి, జిప్పులోంచి. జిప్పు మీద వెడల్పాటి మూత దిగేలా ఉందా, లోపలి కుట్టు మీద టేపు అంటించారా అని చూడాలి. ఇంగ్లండ్‌లోని నెల్సన్ అనే ఊళ్లో క్యారడైస్ కంపెనీ 1932 నుంచి సైకిల్ సంచులు కుడుతోంది, ఇప్పటికీ చాలావాటిని దళసరి నూలు కాన్వాసుతో. తడిస్తే నూలు పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి, అదీ దాని బలం. అంత డబ్బు పెట్టక్కర్లేదు. మోటారు సైకిల్ సీటు కవర్లు కుట్టే దుకాణంలో కొలతలు చెప్పి, దళసరి కాన్వాసుతో, అడుగున రెక్సిన్ వేసి కుట్టించుకోవచ్చు. సంచిని బజారులో ఝోలా అన్నా థైలా అన్నా అర్థమవుతుంది. "క్యారియర్ పే లగేగా?" (క్యారియర్ మీద పడుతుందా?) అని అడిగి, సైకిల్‌ని దుకాణం ముందుకే తీసుకెళ్లి బిగించి చూపించమనాలి. అప్పుడే పెడల్ వెనక్కి తిప్పి మడమ తగులుతోందేమో, హ్యాండిల్ చివరికంటా తిప్పితే బ్రేకు తీగ నలుగుతోందేమో చూసుకోవాలి. పట్టీ కొసలు వేలాడితే కత్తిరించమనాలి, అవే చైన్‌లో పడతాయి.

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లను ఇక్కడి చలికాలపు సాయంత్రం తికమక పెడుతుంది. ఊరు బాగా తూర్పున ఉండటంతో డిసెంబరులో ఐదు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. ఆరింటి షిఫ్టుకు వెళ్లేవాళ్లకు పొద్దున కూడా చీకటే. అందుకే సంచి వెనక వైపు వెలుగు పడితే మెరిసే పట్టీ కుట్టించుకోవాలి, ఎర్ర లైటు తగిలించడానికి చిన్న ఉంగరం పెట్టించుకోవాలి. సంచి క్యారియర్ మీద కూర్చున్నాక మడ్‌గార్డు మీది ఎర్ర రిఫ్లెక్టర్‌ను కప్పేస్తోందా అన్నది వెనక నిలబడి చూస్తే తెలుస్తుంది. కప్పేస్తుంటే సంచిని రెండు వేళ్లు ముందుకు జరిపి, క్లిప్ మళ్లీ బిగించాలి.